స్వామిదాసు ఇంటి వేప దర్వాజ

మా ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, లింగంపేట దగ్గర ఉంటుంది. పేరు మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో ఇది చదివేసరికి మీకే తెలుస్తుంది.

ఊరి మొదట్లో రోడ్డు పక్కన ఒక చిన్న రాతి గది ఉంది. అందులో స్వామిదాసు, ఆయన భార్య సాలవ్వ ఉంటారు. రోజూ పొద్దున ఎనిమిదీ పదికి, సాయంత్రం నాలుగూ నలభైకి స్వామిదాసు గదిలోంచి బయటికి వచ్చి రోడ్డు పక్కన నిటారుగా నిలబడతాడు. పొద్దున అటూ ఇటూ ఒకసారి చూసి లోపలికి పోతాడు. సాయంత్రం మాత్రం కామారెడ్డి దిక్కు మొహం పెట్టి పది నిమిషాలు కదలడు. కొత్తగా వచ్చిన బస్సు డ్రైవర్లు ఎక్కుతాడేమోనని బ్రేకు వేస్తారు. ఆయన చెయ్యి ఊపి పొమ్మంటాడు. ఆ ఊపడంలో ఒక పద్ధతి ఉంటుంది. గేటుమ్యాన్ చెయ్యి మరి.

గేటేదీ అంటారేమో. గేటు లేదు. లైనూ లేదు. రెండూ పోయి యాభై ఏళ్ళు దాటింది. కానీ ఉండేవి.

నైజాం కాలంలో ఒక కలప కంపెనీ ఎల్లారెడ్డి దిక్కు అడవుల నుంచి కామారెడ్డి స్టేషనుకు టేకు దించడానికి చిన్న లైను వేసింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. పొద్దున దుంగలతో పోయేది, సాయంత్రం ఖాళీగా వచ్చేది. జనం దుంగల మీద కూర్చుని పోయేవాళ్ళు, ఖాళీ బండిలో కాళ్ళు చాపుకుని వచ్చేవాళ్ళు. తర్వాత లారీలు వచ్చాయి. అరవై రెండులో కంపెనీ లైను ఎత్తేసింది. ఎత్తేయడంలో కంపెనీవాళ్ళు చేసిన పని నేను ఇప్పటికీ తలచుకుని నవ్వుకుంటాను. ఆఖరి బండి ఎల్లారెడ్డి నుంచి బయలుదేరింది. బండి ముందు పోతుంటే వెనక కూలీలు పట్టాలు ఊడదీసి అదే బండిలో వేసుకుంటూ పోయారు. కామారెడ్డి చేరాక ఎవరికో గుర్తుకొచ్చింది, పట్టాల కింది టేకు దిమ్మెలన్నీ దారిలోనే ఉండిపోయాయని. తీసుకురావడానికి బండి ఉంది, బండి నడవడానికి పట్టాల్లేవు.

మా పక్క దిమ్మెలు ఏరించి గేటు దగ్గర పేర్పించిన గుట్టకు స్వామిదాసును కాపలా పెట్టారు. అప్పుడాయనకు ఇరవై అయిదేళ్ళు. "ఎడ్లబండ్లు పంపిస్తం, అందాక చూసుకో. గది నీదే అనుకో" అని నోటిమాటగా చెప్పి పోయాడు కంపెనీ మనిషి. ఎడ్లబండ్లు రాలేదు. కంపెనీయే మూతపడింది. లైను కట్ట కొంత రోడ్డయింది, కొంత పొలాల్లో కలిసింది. స్వామిదాసు కూలికి పోయాడు, కౌలుకు చేశాడు, సాలవ్వ బీడీలు చుట్టింది. ఆ గదిలోనే కాపురం, ఆ గదిలోనే ముసలితనం. ఎనిమిదీ పది, నాలుగూ నలభై మాత్రం తప్పలేదు.

ఇక నా సంగతి. నా పేరు హరిచంద్. మా నాయన సికింద్రాబాదులో సిస్టర్ల బడిలో తోటపని చేసేవాడు కాబట్టి నేను అక్కడే చదివాను. అబద్ధం చెబితే సిస్టర్ మోకాళ్ళ మీద నిలబెట్టేది. దానివల్ల అబద్ధాలు తగ్గలేదు గానీ మోకాళ్ళు గట్టిపడ్డాయి. ఊరికి వచ్చాక ఈ చిన్న లైను గురించి నేను చెప్పని కథ లేదు. ఈతవనం దగ్గర ఇంజను మొరాయించేదనీ, ఒక కుండెడు కల్లు పోస్తేగాని కదిలేది కాదనీ, ఆ ఆవిరి తగిలిన ఊళ్ళన్నీ పొద్దుగూకేదాకా ఊగేవనీ చెప్పాను. లింగంపేటలో ఎక్కించిన పెసలు ఎల్లారెడ్డిలో దించేసరికి మొలకలు వచ్చేవని చెప్పాను. గుట్ట మీది చిరుతపులి ఒకటి ప్రతి సంతరోజూ గార్డు డబ్బాలో ఎక్కి కామారెడ్డిలో దిగి, సాయంత్రం బండికి బుద్ధిగా తిరిగొచ్చేదని చెప్పాను. టికెట్టు నోట కరుచుకుని.

పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ పిల్లలకు చెప్పారు. చివరికి మా మండలంలో ఎవడైనా నమ్మలేని మాట చెబితే "చిన్న లైను ఎక్కినవా ఏంది?" అనడం మామూలైపోయింది.

సకల జనుల సమ్మె అయిన మరుసటి ఎండాకాలం రోడ్డు వెడల్పు పని వచ్చింది. సర్వేయరు యాకూబు గొలుసుతో, నోట్‌బుక్కుతో దిగాడు. నెమ్మదైన మనిషి. గేటు గది సరిగ్గా రోడ్డుకు అడ్డం పడింది. ఆయన స్వామిదాసును కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాడు.

"పెద్దాయనా, అటు పక్క ఖాళీ జాగ ఉన్నది. ఈ గది పాత లైనుదే, నువ్వు ఆ లైను మనిషివే అని నేను రాస్తే రోడ్డు అటు జరుపుతరు. ఊరికే జాగ ఆక్రమించి కట్టుకున్నదని రాయాల్సి వస్తే మాత్రం గది పోతది. మా దఫ్తర్ల లైను నక్ష లేదు. నీ దగ్గర ఏమన్న ఉన్నదా? దీపమో, జెండానో, బిల్లనో?"

"అన్నీ అప్పజెప్పిన సార్" అన్నాడు స్వామిదాసు. "లైను బందైన నాడే. జెండాలు రెండు, లాంతరు ఒకటి, ఈల ఒకటి. ఈల కడిగి ఇచ్చిన."

యాకూబు తల గోక్కున్నాడు. "సరే, ఊళ్ళ అడిగి చూస్త."

అడిగాడు. భూమక్క అరుగు మీద ఆడవాళ్ళంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. అక్కడికే వెళ్ళాడు.

"ఇక్కడ చిన్న లైను ఉండెనా అమ్మా?"

"ఎందుకు లేదు సారూ!" అంది భూమక్క. "చిరుతపులి గూడ ఎక్కుతుండె."

"మా అత్త కండ్లార చూసింది" అంది గంగామణి ఆకు కత్తిరిస్తూ. "సంతల బెల్లం గూడ కొన్నదట."

"ఎవరు, మీ అత్తనా?"

"పులి సారూ."

యాకూబు ఇంకో ఇద్దరిని అడిగాడు. ఒకడు కల్లు తాగే ఇంజను చెప్పాడు, ఇంకొకడు మొలకెత్తిన పెసలు చెప్పాడు. ఆయన నోట్‌బుక్కు మూసి, "శుక్రవారం మళ్ళొస్త. గట్టి రుజువు ఏదన్న దొరికితే చెప్పుర్రి. లేకుంటె నేను చేసేదేం లేదు" అని బండెక్కాడు.

ఆ సాయంత్రం సాలవ్వ మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, దర్వాజ మీద అడ్డంగా ఉన్న దిమ్మెను వేలి కణుపుతో టకటకా కొట్టింది.

"మరిదీ, ఇది ఏం కట్టె?"

"కట్టెనే వదినె."

"ఏం కట్టె అంటున్న."

నేను భుజం మీది తువ్వాలు తీసి గడప దులిపాను.

"ఊరంత టేకు దర్వాజలు. టేకు కాపలాకున్నోని ఇంట్ల వేప దర్వాజ. యాభై ఏండ్ల సంది దాని పుప్పి ఊడుస్తున్న. ఒక్కనాడన్న అడిగిన్నా? ఇయ్యాల నీ పులి, నీ పెసలు కలిసి నా ఇల్లు కూలగొడుతున్నయి. నవ్వు. నవ్వవేంది?"

ఆమె వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు నిజం చెప్పాలి. అరవై రెండు వానాకాలం ముసురుకు మా ఊళ్ళో సగం గోడలు కూలాయి. అడవిలో కట్టె కొడితే జంగ్లాతువాళ్ళు పట్టుకుపోతారు. గేటు దగ్గర టేకు గుట్ట పడి ఉంది. నేనూ, వడ్రంగం చేసే వడ్ల మైసన్నా మొదలుపెట్టాం. నేను మోసేవాణ్ని, మైసన్న కోసేవాడు. తర్వాత ఊరంతా మా వెనక వచ్చింది. ఒక్కో ఇంటికి ఒక్కో దిమ్మె, దర్వాజ మీదికి సరిగ్గా సరిపోయింది. చిక్కల్లా ఒక్కటే. ప్రతి దిమ్మెకూ పట్టా మేకుల బెజ్జాలు, ఈ చివర రెండు, ఆ చివర రెండు, ఇటు నుంచి అటు తొలిచినవి. ఎర్రమట్టీ జిగురూ కలిపి పూడ్చి, పైన ఎర్ర జాజు రంగు పూశాం. దర్వాజకు మేకు కొడితే ఆ మట్టి రాలుతుంది. అందుకని నేనొక ఆచారం పుట్టించాను. ఈ ఊళ్ళో దర్వాజకు మేకు కొడితే ఆ ఇంటి ఆడమనిషికి పంటినొప్పి తగులుకుంటుంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా ఊళ్ళో మామిడాకుల తోరణం దారంతోనే కడతారు. కొత్త కోడలికి చెప్పే మొదటి మాట అదే.

లైను కథలు కూడా అందుకే పుట్టాయి. ఎవరైనా టేకు గురించి ఆరా తీస్తే లైను సంగతి వస్తుంది. లైనే ఒక అబద్ధమైతే దిమ్మెల మాట ఎవరెత్తుతారు? కథ మొదలుపెట్టింది భయంతో. తర్వాత రుచి మరిగి ఆపలేకపోయాను.

మర్నాడు పెద్దవాళ్ళందరినీ భూమక్క అరుగు దగ్గరికి పిలిచాను.

"బెజ్జాలు చూపెడదాం" అన్నాను. "అన్ని ఇండ్లల్ల ఒక్క తీరు బెజ్జాలు. అంతకన్న గట్టి రుజువు ఇంకేం కావాలె?"

"జంగ్లాతోళ్ళకు తెలిస్తె?" అన్నాడు మైసన్న. "దర్వాజలు ఊడబీక్కపోతరు."

"ఎండాకాలమే గద, గాలి బాగ వస్తది" అంది గంగామణి.

"నీకు నవ్వులాట. కోసింది నేను. జైలుకు పోతె నేను పోవాలె."

"మోసింది నేను మైసన్నా. ఇద్దరం పోదాం. అక్కడ గూడ ఏదన్న దర్వాజ చేద్దువు."

ఎవరూ ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. భూమక్క మాత్రం చుట్టిన బీడీని చాటలో వేసి, "ముందుగాల నీ ఇంటిది చూపెట్టు తాతా. అబద్ధాలల్ల ముందున్నవు. నిజంల గూడ ముందుండు" అంది.

శుక్రవారం పొద్దున ఉలి తీసుకుని స్టూలెక్కాను. నా భార్య తారి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఓ ముసలోడా! దర్వాజ మీద ఉలి పెడుతున్నవా? నాకున్నవే ఆరు పండ్లు!"

"ఏం గాదు, పక్కకు జరుగు."

"ఏం గాదా? పంటినొప్పి వస్తదంటివి గద!"

"రాదు తారీ. అది నేనే పుట్టిచ్చిన."

తారి నడుం మీద చేతులు పెట్టుకుంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. "లగ్గమైనప్పటి సంది స్టూలెక్కి దారాలు కడుతున్న. రెండు సార్లు కింద పడ్డ. ఒక్క మేకుతోని అయిపోయే పనా ఇది?"

"అవును."

"దిగు. నీ సంగతి సర్వేయరు పోయినంక చెప్త" అని, ఉలి నా చేతిలోంచి గుంజుకుని తనే స్టూలెక్కి మట్టి పొడిచింది. యాభై ఏళ్ళ కసి ఉలికి బాగా పనికొచ్చింది. పావుగంటలో నాలుగు బెజ్జాలూ తేలాయి.

యాకూబు వచ్చాడు. నేను ఎదురెళ్ళి లైను సంగతంతా ఒక్క అబద్ధం లేకుండా చెప్పాను. ఆయన చిరునవ్వుతో విన్నాడు.

"తాతా, పులి కథ మీదేనని చెప్పిన్రు."

"పులి నాదే సార్. లైను నాది కాదు."

బెజ్జాలు చూపించాను. ఆయన టేపు పెట్టి కొలిచాడు, వేలు పెట్టి చూశాడు. బెజ్జాల లోపల చుట్టూ కర్ర నల్లగా మాడినట్టుంది. "ఇనుప మరక" అన్నాడు తనలో తాను. మళ్ళీ తల ఊపాడు. "ఒక్క దిమ్మెకు బెజ్జాలున్నంత మాత్రాన లైనున్నట్టా? మీ వడ్లాయన ఎందుకోసమో తొలిచి ఉండొచ్చు."

జీవితంలో మొదటిసారి నిజం చెబితే ఇలా అయింది.

అప్పుడు వీధి అవతల నుంచి మైసన్న గొంతు వినిపించింది. "సారూ! మా ఇంటికి గూడ రాండ్రి."

చూస్తే మైసన్న తన దర్వాజ కింద నిలబడి ఉన్నాడు. ముక్కు నిండా ఎర్రమట్టి దుమ్ము. యాకూబు వెళ్ళి కొలిచాడు. అదే దూరం. ఆ పక్కింట్లో భూమక్క అట్లకాడతో పొడుస్తోంది. "ఆగుర్రి సారూ, ఇంకొక్క బెజ్జం ఉన్నది!" గంగామణి ఇంట్లో అదే దూరం. ఆ పైన వీధి వీధంతా టకటకలాడింది. కొడవలి, గరిటె, గొడ్డలి మడమ, ఎవరి చేతికి ఏది దొరికితే అది. పంటినొప్పి భయంతో ఇన్నాళ్ళూ దారాలు కట్టిన కోడళ్ళు చెంపల మీద చేతులు పెట్టుకుని చూస్తున్నారు. ఒకావిడైతే ముందుజాగ్రత్తగా లవంగం నోట్లో వేసుకుంది. చివరికి చర్చిలో ముందు వరుస బల్ల కూడా బోర్లించారు. దాని కిందా నాలుగు బెజ్జాలే. స్వామిదాసు ప్రతి ఆదివారం కూర్చునే బల్ల అది.

యాకూబు చెమట తుడుచుకుని గేటు గదికి నడిచాడు. ఊరంతా వెనకాలే. ఆయన అక్కడి దర్వాజ చూసి ఆగిపోయాడు. పుచ్చిన వేప. సాలవ్వ ఊడ్చిన పుప్పి ఇంకా చీపురు పక్కనే ఉంది.

"ఊరందరి ఇండ్లల్ల ఉన్నది, నీ ఇంట్ల లేదేంది?"

"నేను కాపలా ఉన్నోన్ని సార్" అన్నాడు స్వామిదాసు. "నేనెట్ల తీసుకుంట?"

"మరి వీళ్ళు మోసుకపోతుంటె చూసుకుంట ఊకున్నవా?"

కాపలా సరిగా కాయలేదని తేలితే లైను మనిషిగా ఆయన మాటకు విలువేముంటుంది? దిమ్మెలు చూపించి మేమే ఆయన్ను ముంచామా?

స్వామిదాసు తొందరపడలేదు. చొక్కా మీది గుండీ పెట్టుకున్నాడు.

"నేను చూడలేదు సార్. దిమ్మెల గుట్ట నా వెనక, ఎల్లారెడ్డి దిక్కు ఉంటుండె. వీళ్ళు వచ్చేది నాలుగూ నలభైకి. అది కామారెడ్డి బండి వచ్చే టైము. బండి టైముల గేటుమ్యాన్ చూపు లైను మీదనే ఉండాలె. వెనకకు తిరగొద్దు. రూలు."

"అప్పటికి బండి బందైంది గద?"

"బండి బందైంది సార్. రూలు బంద్ చేస్తున్నమని నాకెవరు చెప్పలేదు."

యాకూబు నోట్‌బుక్కు తెరిచాడు. "ఎంతసేపు నిలబడేటోడివి?"

"దిమ్మె బరువుంటది సార్. ఇద్దరు మోస్తె గూడ పది నిమిషాలు పడుతది."

మైసన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్వామిదాసును ఏమార్చామని మేమిద్దరం ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నామో లెక్కలేదు. గేటుమ్యాన్ సరిగ్గా నాలుగూ నలభైకి వీపు తిప్పుతాడని కనిపెట్టింది నేనేనని గొప్పలు పోయేవాణ్ని కూడా. నా అంత కథలమారిని ఒక్క మాటా మాట్లాడకుండా యాభై ఏళ్ళు బోల్తా కొట్టించాడు ఈ మనిషి.

యాకూబు అక్కడే రాయి మీద కూర్చుని రాశాడు. రాసింది చదివి వినిపించాడు కూడా. ఊరిలోని పాత కట్టడాలలో ఒకే కొలత గల రైలు దిమ్మెలు కనిపించినవి, చిన్న లైను ఉండినది వాస్తవము, గది ఆ లైను గేటు గది, అందులో ఉన్న స్వామిదాసు ఆ లైను గేటుమ్యాన్. ఏ ఇంట్లో ఏ దిమ్మె ఉందో రాయలేదు. మైసన్న అది రెండుసార్లు చదివించుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

బండెక్కుతూ యాకూబు నన్ను పిలిచాడు. "తాతా, ఇంతకూ పులి సంగతి?"

"అది అబద్ధమే సార్. బెల్లం కొనలేదు."

వానలు పడకముందే రోడ్డు పని అయింది. గది దగ్గరికి వచ్చి రోడ్డు కొద్దిగా వంగుతుంది, మర్యాదగా పక్కకు జరిగినట్టు. జంగ్లాతువాళ్ళు రాలేదు. వస్తారేమోనని ఇప్పటికీ ఊరి పేరు చెప్పను, అంతే. తారి మాత్రం మరునాడే దర్వాజకు రెండు మేకులు కొట్టింది. పళ్ళు ఆరూ క్షేమం.

ఒక పని మిగిలిపోయింది. మా పశువుల కొట్టంలో గడ్డి కింద ఒక దిమ్మె ఉంది. కోయనిది, ఆ రోజుల్లో ఆశకొద్దీ ఎక్కువ తెచ్చుకున్నది. మైసన్న దాన్ని చిత్రిక పట్టాడు. బెజ్జాలు పూడ్చలేదు. ఒక మంచి రోజు చూసుకుని, నాలుగూ ముప్పై అయిదుకు ఇద్దరం భుజాన వేసుకుని బయలుదేరాం. ఇరవై ఏళ్ళప్పుడు పది నిమిషాలు పట్టిన దూరం, డెబ్బై దాటాక ఎంత పడుతుందో మీరే ఊహించండి. మైసన్న మోకాళ్ళు కటకటమంటున్నాయి. నావి సిస్టర్ల దయ వల్ల ఫరవాలేదు.

స్వామిదాసు అప్పటికే బయట నిలబడి ఉన్నాడు. కామారెడ్డి దిక్కు చూస్తున్నాడు. మేము ఆయన వెనక నుంచి పోయి దిమ్మెను దర్వాజ దగ్గర దించాం. చప్పుడు బాగానే అయింది. సాలవ్వ చీపురు చేత్తో బయటికి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దిమ్మె మీద అరచేయి పెట్టింది.

"ఇయ్యాలటి సంది పుప్పి ఊడ్చుడు లేదు వదినె" అన్నాను గుసగుసగా.

"మెల్లగ మాట్లాడు" అంది. "బండి టైము."

వేప చెక్క దించి టేకు ఎక్కించేసరికి అయిదు దాటి చాలాసేపయింది. మైసన్న ఉలి మోగుతూనే ఉంది. రెండు బస్సులు హారన్ కొట్టి పోయాయి.

పది నిమిషాలు కావాల్సిన చోట ఆ రోజు ముప్పావుగంట నిలబడ్డాడు స్వామిదాసు. వెనక్కి తిరగలేదు.